తొండం అక్క పంతం

ఇంజనీరు బండి ఎక్కలేదు. చేతికి మసి అంటించుకోలేదు. క్యాబిన్ పక్కన నిలబడి బండి ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు వైపు మెడ సాచి చూశాడు, బానెట్ మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు, ఆపైన అట్టకు బిగించిన కాగితం మీద రాసేశాడు: "ఇంజను అరిగిపోయింది. మరమ్మతు చేయించినా దండగ. తుక్కు కింద వేలం వేయవచ్చు."

మొత్తం అయిదు నిమిషాలు పట్టింది. పద్దెనిమిదేళ్లు మట్టి తవ్విన బండికి నూకలు చెల్లాయని తేల్చడానికి ఆ పెద్దమనిషికి అయిదు నిమిషాలు చాలాయి.

ఆ కాగితాన్ని సూపర్‌వైజరు పైకి చదువుతుంటే తొండం అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీటి గొట్టాల డిపోలో ఆమె బ్యాక్‌హో డ్రైవరు. ముందు మట్టి ఎత్తే వెడల్పాటి బకెట్టు, వెనక గుంత తవ్వే పొడవాటి చేయి ఉన్న ఆ పసుపు బండిని పదకొండేళ్లుగా ఆమే నడుపుతోంది. వెనక చేయిని చూసి వీధిపిల్లలు తొండం అనేవారు. దాన్ని ఆడించే మనిషి కాబట్టి ఆమె తొండం అక్క అయింది. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఇంకెక్కడా కనిపించదు.

ఆమెకో అలవాటుంది. ఏది వదులైనా, ఏది కారినా, ఏది ఊగినా పాత స్కూటరు ట్యూబు ముక్క కోసి బిగించి కట్టేస్తుంది. పక్క అద్దానికి ట్యూబు, సీటు చిరుగుకు ట్యూబు, డీజిల్ ట్యాంకు మూతకు ట్యూబు, టిఫిన్ డబ్బాకు ట్యూబు, ఆఖరికి కళ్లజోడు కాడకూ ట్యూబే. "అక్క చేతికి ట్యూబు ఇస్తే రెండు వీధుల్ని కలిపి కట్టేస్తుంది" అని డిపోలో అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఆ కట్లంటే ఆమెకు గర్వం.

మూడు వారాలుగా మాత్రం బండి మొరాయిస్తోంది. పొద్దున్న బాగానే లేస్తుంది. అరగంట తవ్వేసరికి నీరసించిపోతుంది. చేయి సగంలో ఆగుతుంది, ఇంజను గొంతు పీలగా అవుతుంది. పగిలిన గొట్టం దగ్గర జనం బిందెలు పట్టుకుని నిలబడి చూస్తుండగా బండి ఇలా చతికిలపడితే ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది.

"ఏం బాధపడకమ్మా" అన్నాడు సూపర్‌వైజరు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "కొత్త బండి వస్తుంది. దానికి కంప్యూటర్ తెర ఉంటుంది, అది వయసులో ఉన్నవాళ్లు చూసుకుంటారు. మా బావమరిది నేర్చుకున్నాడు. నీకు స్టోరు తాళాలిస్తాం. ఫ్యాను కింద హాయిగా కూర్చో."

బావమరిది గోడకి ఆనుకుని గోళ్లు గిల్లుకుంటున్నాడు. ముప్పై దాటిన మనిషి, ఏ పనికి పిలిచినా నడుం నొప్పి అంటాడు.

తొండం అక్క సరాసరి వెళ్లి ఇంజనీరుకు అడ్డంగా నిలబడింది.

"సార్, మీరు మీటరు చూశారు. బండిని చూశారా?"

"పద్దెనిమిదేళ్ల బండమ్మా. చూడటానికేముంది?"

"నాకు నలభై ఏడు. నన్నూ వేలం వేస్తారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సూపర్‌వైజరు ముఖం మాడ్చుకున్నాడు. "బండి పాతదవటమే కాదు. నడిపే చేయి కూడా సరిగ్గా ఉండాలి. మొన్న వానకి ట్యాంకులోకి నీళ్లు పోనిచ్చింది ఎవరు?" అని అందరికీ వినిపించేలా అన్నాడు.

అక్కడ ఆమె ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. కోపం వచ్చినప్పుడు ఆమె నోటికి బ్రేకులు ఉండవని ఆమెకూ తెలుసు.

"రేపు పొద్దున్నదాకా టైమివ్వండి. ఇంజను అరగలేదని నేను చూపిస్తాను. తప్పు బండిదీ కాదు, నాదీ కాదు. ఇందులో నా చేతి తప్పు ఒక్కటి తేలినా నేనే ఆ సీటు దిగి స్టోరు తాళాలు తీసుకుంటాను. ఒకరు దింపక్కర్లేదు."

అప్పటికే గొడవ విని డిపో అధికారిణి ఆఫీసు గది గుమ్మంలోకి వచ్చింది. అందరూ మేడమ్ అని పిలిచే ఆమె తక్కువ మాట్లాడుతుంది. కాగితం అడిగి తీసుకుని చదివింది. "రేపు పదకొండుకి నేను సంతకం పెట్టాలి. ఆలోపు చూపించు" అని లోపలికి వెళ్లిపోయింది.

*

ఆ సాయంత్రం తొండం అక్క ఇంటికి పోకుండా బాబాయి ఇంటికి వెళ్లింది. ఆయన ఆమె తండ్రికి తమ్ముడు, అదే డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఆమెకు స్పానరు పట్టడం నేర్పింది ఆయనే. ఇప్పుడు కళ్లలో పొర పెరిగి మనుషులు మసకగా కనిపిస్తారు. చెవులు మాత్రం పక్కింటి కుట్టుమిషనుకు నూనె అయిపోతే ఇక్కడి నుంచే చెప్పేస్తాయి.

"రావే తల్లీ" అంది పిన్ని తలుపు తీస్తూ. "మీ బాబాయి నా మిక్సీ విప్పి మంచమంతా పరిచాడు. నిన్నటి నుంచి నేను కుర్చీలో పడుకుంటున్నాను."

"మిక్సీ బాగుపడుతుందా?"

"మిక్సీకేమీ కాలేదు. చప్పుడు నచ్చలేదట."

తొండం అక్క మంచం అంచున కాస్త జాగా చేసుకుని కూర్చుని జరిగిందంతా ఏకరువు పెట్టింది. పంతం దగ్గరికి వచ్చేసరికి పిన్ని నోటిమీద చేయి వేసుకుంది. "అంత మాటెందుకన్నావే? కాస్త ఊరుకుంటే నీ సొమ్మేం పోయేది?"

"ఊరుకుంటే సీటు పోయేది పిన్నీ."

బాబాయి వినీ విననట్టు మిక్సీ బ్లేడు తుడుస్తున్నాడు. చివరికి తలెత్తకుండానే అడిగాడు.

"పొగ ఏ రంగు?"

"ఏంటి బాబాయ్?"

"ఇంజను అరిగితే ఆయిలు తాగి నీలం పొగ వదుల్తుంది. గాలి అందకపోతే నల్ల పొగ. నీ బండి బలం పడిపోయినప్పుడు ఏం వదుల్తోంది?"

ఆమె కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. పడిపోయిన ప్రతిసారీ ఆమె చూసింది ఎదుట నిలబడ్డ జనాన్ని, తన పరువును. పొగగొట్టం వైపు చూసింది ఒకటో రెండో సార్లు.

"ఏమీ లేదు బాబాయ్. అప్పుడు పొగే రాదు."

ఆయన బ్లేడు పక్కన పెట్టాడు. "దానికి తిండి అందట్లేదమ్మాయ్. అరగడం కాదు. రేపు పొద్దున్నే నన్ను తీసుకుపో. ఒకటే మాట, నేను చెప్పేదాకా నువ్వు స్పానరు ముట్టుకోకు. కోపంలో నీ బుర్ర కన్నా చేతులు ముందు నడుస్తాయి."

*

ఏడింటికల్లా ఇద్దరూ డిపో వెనక ఖాళీ జాగాలో ఉన్నారు. ఆమె మూత విప్పి డీజిల్ నింపింది, తన ట్యూబు కట్టు మళ్లీ బిగించింది, బండి స్టార్టు చేసింది. బాబాయి తిరగేసిన నీళ్ల బకెట్టు మీద కూర్చుని చెవి ఒక పక్కకు వాల్చాడు.

ముందు తేలాల్సింది ఇంజను దోషమా, చేతిని ఆడించే నూనె పంపు దోషమా అన్నది. ఆయన చెప్పినట్టు ఆమె యాక్సిలరేటరు రేజు చివరిదాకా పెట్టి, వెనక చేయిని పూర్తిగా మడిచి, ఇంకా మడవమన్నట్టు లివరు పట్టుకుంది. ఇంజను కాస్త మూలిగి నిలబడింది. బలం ఇప్పటికి బాగానే ఉంది.

"ఇక తవ్వు. పడిపోయినప్పుడు మళ్లీ ఇదే చెయ్యి."

ఆమె తవ్వింది. ఇరవై నిమిషాలు, ఇరవై అయిదు. ఇరవై ఎనిమిదో నిమిషంలో గొంతు పీలబడింది. చేయి మడిచి పట్టుకోగానే ఈసారి ఇంజను మూలగలేదు, ఆగిపోతానన్నట్టు కిందికి జారింది.

"పంపు కాదు. పంపు దోషమైతే ఇంజను మీద బరువే పడేది కాదు. ఇంజనే. పొగ?"

"లేదు."

"గాలి ఫిల్టరు?"

"నెల కాలేదు మార్చి." అయినా ఆమె విప్పి చూపించింది. ఆయన వేళ్లతో తడిమి చూసి సరే అన్నాడు.

"రేజు తీగ చివరిదాకా లాగుతోందా?" లాగుతోంది. "డీజిల్ ఫిల్టరు?" మొన్న నీళ్లు పడ్డప్పుడే ఆమె కొత్తది వేసింది. ఇంజను ఆపి, అడుగున నీళ్లు నిలిచే గిన్నె విప్పి చూశారు, చుక్క నీరు లేదు. బిగించి మళ్లీ స్టార్టు చేస్తే అదే పీల గొంతు. ఒక్కొక్కటీ బాగుందని తేలేకొద్దీ ఆమెకు భయం పెరిగింది. అన్నీ బాగుంటే మిగిలేది ఇంజనే కదా. ఆ ఇంజనీరు మెడ సాచి చూసి రాసిందే నిజమవుతుందా?

"ట్యాంకులో డీజిల్ ఉందా?" అన్నాడు బాబాయి.

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. "నీ ఎదురుగానే కదా పోశాను!"

"పోశావు. ఇప్పుడు ఉందా అని అడుగుతున్నా. చూడు."

గేజి పని చేసి ఏళ్లయింది, కర్ర ముంచి చూడాలి. ఆమె గొణుక్కుంటూ ట్యాంకు దగ్గరికి వెళ్లి ట్యూబు కట్టు విప్పింది, మూత తిప్పింది.

ఉస్స్‌స్.

గాలి బయటికి రాలేదు, లోపలికి పోయింది. మూత ఆమె వేళ్లను ఒక్క క్షణం పట్టుకుని వదిలింది. వెనక ఇంజను, ఎవరో గొంతు మీంచి కాలు తీసినట్టు, ఒక్కసారిగా గట్టిగా అరిచింది.

తొండం అక్క మూత తిప్పి చూసింది. మధ్యలో గుండుసూది పట్టేంత రంధ్రం. డీజిల్ ఖర్చయ్యేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి పోవాల్సిన దారి అదే. దాని కింద తను గుండ్రంగా కోసి అతికించిన రబ్బరు బిళ్ల. పైన తను నాలుగు చుట్లు చుట్టిన రబ్బరు పట్టీ. మూడు వారాల కిందట వాన నీళ్లు ట్యాంకులోకి పోయాయని సూపర్‌వైజరు నలుగురిలో తిట్టిన రోజు, ఆ రంధ్రం చూసి నీళ్లు దూరింది ఇక్కడి నుంచే అనుకుంది. ఇంకోసారి మాట పడకూడదని చీమ కూడా దూరకుండా బిగించింది. ఆ పని చేసి ఎంత మురిసిపోయిందో ఆమెకు బాగా గుర్తుంది.

గాలి అందక ట్యాంకు డీజిల్‌ను వదలట్లేదు. రాత్రంతా నిలబడితే సందుల్లోంచి కాస్త కాస్త గాలి దూరి సర్దుకునేది. పొద్దున్న మూత తీసి డీజిల్ పోస్తే కొత్తగా మొదలయ్యేది. అందుకే పొద్దున్న బలం, అరగంటకి నీరసం. మూడు వారాలు తనే తన బండి పీక నొక్కింది.

ఆమెకు ఏడుపు రాలేదు. అంతకన్నా ఘోరంగా సిగ్గేసింది. ఆ వెంటనే ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. ఈ రబ్బరు తీసి జేబులో వేసుకుంటే? బాబాయికి కళ్లు కనపడవు. బండి బాగా నడుస్తుంది. ఏదో ఫిల్టరు మార్చానంటే సరి. ఆమె చేయి నిజంగానే జేబు దాకా వెళ్లింది.

"చప్పుడు విన్నాను" అన్నాడు బాబాయి మెల్లిగా. "ట్యూబు కదూ?"

ఆమె జేబు దగ్గరి చేయి వెనక్కి తీసుకుంది.

"తీసేసి నడిపావనుకో, ఇవాళ బాగుందంటారు. రేపు మళ్లీ పడుతుందిలే అంటారు. ముసలి బండి కదా, వాళ్లు రాసిన కాగితం అలాగే ఉంటుంది. ఎందుకు పడిందో చూపిస్తేనే అది పోతుంది. వాళ్ల కళ్లముందే పడాలి, వాళ్ల కళ్లముందే లేవాలి."

"చూపిస్తే సీటు దిగాలి బాబాయ్."

"అది నువ్వన్న మాట. నేననలేదు."

అంతకు మించి ఆయన ఒక్క ముక్క అనలేదు. అనేవాడైతే ఆమెకు తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు.

*

పదింటికి అందరూ వచ్చారు. మేడమ్ గొడుగు వేసుకుని నిలబడింది. ఇంజనీరు అట్ట పట్టుకుని ఉన్నాడు. సూపర్‌వైజరు వెనకే బావమరిది, ఉతికిన చొక్కాతో.

"అరగంట పడుతుంది" అంది తొండం అక్క. "ఎవరూ కదలొద్దు."

రబ్బరు బిళ్ల దాని చోట్లోనే ఉంది. కట్టు బిగించే ఉంది. ఆమె స్టార్టు చేసి తవ్వడం మొదలుపెట్టింది. బారెడు లోతు గుంత, అంచులు కత్తితో కోసినట్టు దిగుతోంది. పది నిమిషాలకే సూపర్‌వైజరు ఆవలించాడు. ఇరవై అయిదు దాటాక ఇంజను గొంతు పీలబడింది, చేయి మట్టిలోనే ఆగింది.

"చూశారా మేడమ్, నేను రాసింది ఇదే" అన్నాడు ఇంజనీరు.

తొండం అక్క ఇంజను ఆపలేదు. నిచ్చెన దిగి ట్యాంకు దగ్గరికి నడిచింది. "దగ్గరికి రండి సార్. నిన్న రాలేదు, ఇవాళైనా రండి." అతను వచ్చాడు. ఆమె నాలుగు చుట్లు విప్పింది, మూత తిప్పింది. ఉస్సుమన్న ఆ చప్పుడు మేడమ్ దాకా వినిపించింది. ఇంజను లేచి కూర్చున్నట్టు గర్జించింది. ఆమె మూత పక్కన పెట్టి, ఎక్కి, మళ్లీ తవ్వింది. ఇంకో అరగంట. చేయి ఒక్కచోట కూడా ఆగలేదు. ఈ అరగంటలో ఎవరూ ఆవలించలేదు. ఆమె ఇంజను ఆపి దిగింది.

ఇంజనీరు మూత చేతిలోకి తీసుకుని రబ్బరు బిళ్లను గోటితో లేపి, రంధ్రంలోంచి ఆకాశం వైపు చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ రబ్బరు ఎవరు పెట్టారు?" అంది మేడమ్.

డిపోలో ట్యూబు ముక్కలు కట్టే మనిషి ఒక్కరే. అది అందరికీ తెలుసు. సూపర్‌వైజరు పెదాల మీద నవ్వు పుట్టి చెవుల దాకా పాకుతోంది.

"నేనే పెట్టాను మేడమ్." అంది తొండం అక్క. "నీళ్లు పోకూడదని పెట్టాను. గాలి కూడా పోదన్న సంగతి ఆలోచించలేదు. బండిలో ఏ దోషమూ లేదు. తప్పు నాది. నిన్న కాదన్నాను, ఇవాళ అవునంటున్నాను." తాళంచెవి తీసి సూపర్‌వైజరు చేతిలో పెట్టింది. "దిగుతానన్నాను. దిగాను."

ఆ తర్వాత ఇంజనీరు వైపు తిరిగింది.

"నా తప్పు నేను ఒప్పుకుని సీటు దిగాను సార్. మీ తప్పు ఆ కాగితం మీద ఉంది. దాన్ని మీరెప్పుడు దింపుతారు?"

మేడమ్ కాగితం అతని ముందు చాపింది. అతను పెన్ను తీసి మూడు వాక్యాలూ కొట్టేశాడు, కింద "బండి బాగుంది" అని రాసి సంతకం పెట్టాడు. పెట్టాక ఆమె వైపు చూసి, "నేను మూత తీసి చూడాల్సింది" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమెకు అతని మీద కోపం సగం దిగింది. మిగతా సగం అలాగే ఉంచుకుంది.

"ఆ పంతం నేను పెట్టమన్నానా?" అంది మేడమ్. "ఎక్కు. పని చూసుకో."

"అందరిలో అన్నాను మేడమ్. మీరొక్కరు పోనీలే అంటే చెల్లిపోతుందా? రేపు నేను బండి బాగుందంటే ఎవరు నమ్ముతారు?"

బకెట్టు మీద కూర్చున్న బాబాయి గట్టిగా గొంతు సవరించుకున్నాడు. తిడుతున్నాడో మెచ్చుకుంటున్నాడో ఆ చప్పుడులో తెలియలేదు.

స్టోరు గదిలో ఫ్యాను ఉంది గానీ తిరగదు. తొండం అక్క తాళాలగుత్తి నడుముకు దోపుకుని, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. బయట తన బండి గొంతు వినిపించింది. నిండుగా, ఎక్కడా పీలబడకుండా. ఎవరో గేర్లు గరగరలాడిస్తున్నారు. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్ల మీద కూడా కోపం వచ్చింది. బల్ల మీద ఒక తెల్లకాగితం ఉంటే ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

కాసేపటికి బండి ఆగింది. కిటికీలో బావమరిది తల కనిపించింది, చొక్కా అప్పుడే మాసింది.

"అక్కా, ట్యాంకు మూత మీ దగ్గరుందట?"

ఉంది. రబ్బరు పీకి, డీజిల్‌తో కడిగి, రంధ్రంలో సూది ఆడించి శుభ్రం చేసి ఒళ్లో పెట్టుకుంది. దాన్ని అతని చేతిలో పెట్టి వదలకుండా పట్టుకుంది.

"ఇదిగో, ఈ రంధ్రం రోజూ చూడు. అద్దం మాత్రం ముట్టుకోకు, ఆ కట్టు బాగానే ఉంది."

"సరే అక్కా."

"సీటు తుడిచి పెట్టు. మట్టి కాళ్లతో ఎక్కకు."

"ఎందుకూ?"

ఆమె రాస్తున్న కాగితం అతనికి కనిపించేలా తిప్పింది. బ్యాక్‌హో డ్రైవరు పనికి అర్జీ. మొదటి వాక్యం: "ట్యాంకు మూత రంధ్రం మూసింది నేనే, బండికి బలం ఎందుకు తగ్గిందో కనిపెట్టి చూపించిందీ నేనే."

"సోమవారం ఇస్తున్నాను" అంది తొండం అక్క, మూత వదిలేస్తూ. "అందాకా జాగ్రత్తగా చూసుకో. నా బండి."